కమాను నెత్తిన వేలిముద్ర

నా చిన్నప్పుడు, ఆరో తరగతి అయిపోయిన వేసవిలో, ఆదోనిలో ఒక పాత మసీదుకు మరమ్మతు జరిగింది. పని మా తాతయ్యది. ఆయన సున్నం మేస్త్రీ. సుల్తానుల కాలం నాటి ఆ కట్టడంలో సిమెంటు లేదు. రాయి, ఇటుక, గచ్చు, అంతే. గచ్చులోకి సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు.

నమాజు చేసే హాల్లో నడిమి కమానుకు, సరిగ్గా నెత్తి దగ్గర, పగులు వచ్చింది. కమానులో రెండు పక్కలూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడతాయని, ఒక కాలు కుంగితే నెత్తిన పగులుతుందని తాతయ్య చెప్పాడు. ఆ పగులు పాతదా, ఇంకా కదులుతోందా అన్నది తేలాలి. అందుకని పగులుకు అడ్డంగా మూడు సన్నటి సున్నం పట్టీలు వేసి, తడి ఆరకముందే ఒక్కోదాని మీద బొటనవేలు నొక్కాడు. అది మా ఇంటి మేస్త్రీల అలవాటు. పదిహేను రోజులు పట్టీలు చెక్కుచెదరకపోతే పగులు పూడ్చేయవచ్చు. ఆ మర్నాడే నన్ను కౌతాళంలో మా మేనమామ ఇంటికి పంపుతానన్నాడు. అక్కడ కాలువ ఉంది, ఈత ఉంది. రోజూ పరంజా ఎక్కి పట్టీలు చూసి రావడం నా పని.

పన్నెండో రోజు సాయంత్రం నడిమి పట్టీలో వెంట్రుకంత గీత కనిపించింది. ఎవరికీ చెప్పలేదు. ఆ పట్టీ గీకేసి, కొత్త సున్నం పూసి, నా బొటనవేలు నొక్కి దిగాను.

మరుసటి రోజు శుక్రవారం. మసీదు చూసుకునే పెద్దాయన పొద్దున్నే వచ్చాడు.

"ఏమప్పా మేస్త్రీ, ఈ వారమన్నా జనం లోపల నిలబడొచ్చునా? బయట బండలు పెనం మాదిరి కాలుతాండాయి."

తాతయ్య పరంజా ఎక్కి చాలాసేపు దిగలేదు. దిగాక, "ఈ వారం కూడా బయటనే కానీండి సాయిబూ. పగులు ఇంకా కదుల్తాంది" అన్నాడు. పెద్దాయన వెళ్లాక నా వైపు తిరిగాడు.

"నా బొటనేలు ఎప్పుడురా ఇంత చిన్నదైంది?"

"వెంట్రుకంతే తాతా, ఆ గీత."

"ఆ వెంట్రుక కింద మున్నూరు మంది వంగుతారు, ఎర్రోడా."

కొట్టలేదు. నా పట్టీని తీసేయనూ లేదు. ఆ మధ్యాహ్నం జనం ముంగిట్లో గోనెలు తడిపి పరుచుకుని నమాజు చేశారు. వాళ్ల నుదుళ్లు నేలకు తాకడం పరంజా పక్కనుంచి చూశాను.

సోమవారానికి నా పట్టీ కూడా పగిలింది, వేలిముద్ర మధ్యగా. కారణం వెతికితే, కాళ్లు చేతులు కడుక్కునే హౌజు అడుగున చీలి, నీళ్లు కమాను కాలి కిందికి ఇంకుతున్నాయి. ముందు హౌజు బాగుచేశారు. తర్వాత వేసిన పట్టీలు నిలిచాయి. అప్పుడే గచ్చుతో పగులు పూడ్చారు. ఈలోగా బడి తెరిచారు. కౌతాళం పోలేదు.

ఇప్పుడు పాత కట్టడాలు పరీక్షించడం నా ఉద్యోగం. పగుళ్ల మీద గాజు పట్టీలు అంటిస్తాను. కొన్నిచోట్ల పట్టీ పగిలిందని రాస్తే పని ఆగుతుంది, చాలామందికి కోపం వస్తుంది. కలం కాస్త ఆగుతుంది. నడిమికి చీలిన ఆ చిన్న వేలిముద్ర గుర్తొస్తుంది. పగిలింది అని రాసి, కింద సంతకం పెడతాను.