ఓర్మా మీద నాలుగో రాయి

ఇంధనం అయిపోవస్తున్నప్పుడు, కంప్యూటరులో నేను ఆడే రాకెట్టు ఆట ఒక చప్పుడు చేస్తుంది. సన్నగా, ఆగి ఆగి, ఒకే తీరున. ఇవాళ పొద్దున అది మళ్లీ మోగింది. ఆ ఆట తయారుచేసినవాళ్లకు నేను ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాశాను. పదకొండింటికీ 'మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది' అని యంత్రం పంపే ఒకే వాక్యం వచ్చింది. మనిషి రాసిన ముక్క ఒక్కటీ రాలేదు. నన్ను పట్టించుకోకపోవడం నాకు కొత్త కాదు. చింతామణి ఊరి కాలేజీలో డిగ్రీ చదివేటప్పుడు, నేను చేయి ఎత్తి నిలబడినా చూడని లెక్చరర్ చొక్కా రంగు కూడా నాకు ఇంకా గుర్తుంది. కానీ ఇప్పుడు వ్యవధి లేదు. వచ్చే నెల ఆటకు కొత్త రూపు వస్తుందట, దాచిపెట్టుకున్న పాత ఆటలు తెరుచుకోకపోవచ్చునట. అందుకే నారాయణప్ప గారి గురించి ఇప్పుడే రాయాలి. ఆ ఆటలో ఆయన దించిన మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు.

బాగేపల్లిలో నాది జిరాక్స్, ఆన్‌లైన్ అర్జీల అంగడి. నారాయణప్ప గారిది చాకవేలు. భూములు కొలిచే సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి. ఒక మధ్యాహ్నం తన పొలం రికార్డు, అదే పహణి, ప్రింటు కోసం వచ్చారు. సర్వర్ పనిచేయలేదు. ఆయనను బెంచీ మీద కూర్చోమని నేను నా ఆటలో పడ్డాను. రాకెట్టును మనమే కట్టుకుని, నిజం లెక్కలతో నడుపుకుంటూ, ఎక్కడా లేని లోకాలకు పోయే ఆట అది. అందులో ఓర్మా అనే బూడిదరంగు చంద్రుడు ఉన్నాడు. తెర మీద ఎత్తు ఇంకా రెండు వేల మీటర్లు అని చూపిస్తుండగానే నా వాహనం నేలను కొట్టుకుని ముక్కలైంది.

"ఏమప్పా, గోనెసంచి ఇసిరేసినట్ల ఇసిరేసినావే" అన్నారు వెనక నుంచి. ఆ మాట నేను ఈనాటికీ మరిచిపోలేదు.

"ఇంకా రెండు వేల మీటర్లు ఉండాదని చూపిస్తా ఉండె సార్. నా తప్పేముండాది?"

"రెండు వేలు సరేప్పా. యాడ్నుంచి?"

నేను తెర మీది అంకెను మళ్లీ చూశాను. "బావి గట్టు మీద నిలబడి లోతు చెప్తే ఒక లెక్క, నీళ్లకాడ నుంచి చెప్తే ఇంకో లెక్క. వాళ్లు సున్నా యాడ పెట్టినారో ముందు కనుక్కో" అన్నారు. వెతికితే, ఆ అంకె చంద్రుడి మీద అన్నిటికంటే పల్లపు చోటు నుంచి లెక్క. నేను దిగింది కొండ మీద.

ఆ తర్వాత సర్వర్ పనిచేసినా చేయకపోయినా ఆయన వచ్చేవారు. అందరూ ఓర్మా మీద ఒక జెండా పాతి తిరిగివస్తారు. ఈయన అక్కడ కొండ కింద ఒక మైదానం ఎంచుకుని, నాలుగు మూలలా హద్దు రాళ్లు వేయాలన్నారు. జెండాలే ఆయనకు రాళ్లు. ప్రతి కొలతా ఒక నోటు పుస్తకంలో నా చేత రాయించారు. ఒకసారి నేను తప్పు అంకెను రబ్బరుతో తుడుస్తుంటే, రబ్బరు లాక్కుని తన జేబులో వేసుకున్నారు.

"కొలతల పుస్తకంలో చెరపకూడదప్పా. తప్పు రాస్తే అడ్డంగా ఒక గీత కొట్టు, పక్కన సరైంది రాయి, సంతకం పెట్టు. చెరిపినోన్ని పక్క పొలమాయన నమ్మడు."

ఆ రబ్బరు నాకు తిరిగి రాలేదు.

మూడు రాళ్లు అయ్యాక, నాలుగో మూలకు వాహనాన్ని ఆయనే దించారు. ఇంధనం చప్పుడు మొదలైంది. "ఎర్రదీపం వచ్చింది సార్, వెనక్కి పోదాం" అన్నాను. "ఉండప్పా, ఉండు" అంటూ దూదిలా దించారు. వ్యోమగామి బయటికి దిగి జెండా పాతాడు. అంతలో నేల చప్పుడు లేకుండా లోపలికి పోయింది. వాహనం సగం కూరుకుపోయింది, మనిషి మోకాళ్ల దాకా దిగబడ్డాడు. ఏ మీట నొక్కినా కదల్లేదు.

"పర్వాలేదు సార్, దిగకముందు దాచిపెట్టిన ఆట ఉండాది. అది తెరిస్తే ఇదేమీ జరగనట్లే" అన్నాను.

"జరిగిందా, లేదా?"

"జరిగింది."

"మరి?" అన్నారు తెర మీది మనిషిని చూపిస్తూ. "తప్పు నేలదా, నా కొలతదా? ఈ నేల పెట్టినోళ్లనే అడుగుదాం. అది తెలీకుండా ఇంకో మనిషిని దించకూడదు."

మొదటి ఉత్తరం ఆయనే చెప్పి రాయించారు. నేను చేర్చిన రెండు వాక్యాలు కొట్టేశారు. "కోపం రాయొద్దప్పా. జవాబు ఇయ్యకుండా ఉండేదానికి వాళ్లకు అదే సాకు అవుతాది. కొలతలు రాయి." పరిశీలనలో ఉంది అని వస్తే చదివి, "యాడ్నుంచి యాడికి వచ్చింది పరిశీలన?" అని నవ్వారు. ఆ తర్వాత నవ్వడం మానేశారు. రోజూ వచ్చి జవాబు వచ్చిందా అని అడిగేవారు.

ఆయనను చిక్కబళ్లాపురం ఆసుపత్రిలో చేర్చారని తెలిసి వెళ్లాను. మంచం పక్కన యంత్రం అచ్చం ఆ ఇంధనం చప్పుడే చేస్తోంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు.

"జవాబు వచ్చిందాప్పా?"

"వచ్చింది సార్. తప్పు నేలదే అంట. మీ కొలత సరేనంట."

ఆయన మొహం విప్పారింది. మెల్లగా చేయి చాపారు. "యాడ, చూపించు."

"ఫోను అంగట్లో మరిచొచ్చినా సార్."

సరిగ్గా అప్పుడే నా చొక్కా జేబులో ఫోను మోగింది. ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. నన్ను తిట్టలేదు. "సరేప్పా, పొయ్యిరా" అన్నారు. మళ్లీ వెళ్లేసరికి ఆయన లేరు, ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు.

నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో అన్నీ గుర్తుపెట్టుకునే మనిషిని నేను. ఆయన నన్ను ఏమీ అనకుండా వదిలిన ఆ ఒక్కటే మోయలేకపోతున్నాను. ఎవరు ఏ అంకె చెప్పినా యాడ్నుంచి అని అడగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన అడిగితే మాత్రం చూపించలేకపోయాను. ఇవాళ పొద్దున ఇంకో వాహనంలో ఆ మైదానం మీదికి పోయాను. కింద జెండా, దాని పక్కన చుక్కలా మనిషి కనిపించాడు. చప్పుడు మొదలైంది, దిగకుండా వచ్చేశాను.

పన్నెండో ఉత్తరం పంపాను. అందులో కోపం ఒక్క మాట కూడా లేదు, ఇంతే రాశాను. మూడో రాయి నుంచి ఉత్తరంగా నాలుగు వందల పన్నెండు మీటర్ల దగ్గర నేల ఉందా, లేదా? తప్పు మీ నేలదా, నారాయణప్ప గారి కొలతదా? ఆసుపత్రిలో నేను చెప్పిన మాట పుస్తకంలో రాశాను, దాని మీద గీత కొట్టాను, పక్కన సరైంది రాయడానికి చోటు వదిలాను. యంత్రం పంపే జవాబు వద్దు. మీలో ఒక మనిషి, కింద తన పేరు రాసి, ఆ మైదానాన్ని మీరు తీసేయకముందే నాకు జవాబు చెప్పాలి.