జామపండుకి చోటు మిగల్లేదు

పెదవేగి పక్కన మా ఊరి చుట్టూ పామాయిల్ తోటలే. వాటి మధ్యలో చిన్న పొలం చెక్క కౌలుకి తీసుకుని మేం ముగ్గురం జామతోట వేశాం. ముగ్గురంటే నేను, మా తోడికోడలు, ఎదురింటి పిన్నిగారు. మాలో ఎవరికీ సెంటు భూమి లేదు. అంతకుముందు ఆటోల్లో కూరుకుని ఉంగుటూరు వైపు వరి ఊడ్పులకి పోయేవాళ్ళం. తోటల ఆఫీసు మేడంగారు వచ్చి, సొంత పొలం లేని ఆడవాళ్ళకి కూడా మొక్కలు ఇస్తాం, కాయకి కవరు కట్టడం దగ్గర్నించి అన్నీ నేర్పిస్తాం అన్నప్పుడు మా తోడికోడలు చెయ్యెత్తేసింది. తను చెయ్యెత్తితే నాది దానంతటదే లేస్తుంది. పెళ్ళయిన దగ్గర్నించీ అంతే.

తను ఆ చెట్లకి వరసలు కూడా పెట్టుకుంది. బాగా కాసేది పెద్దత్త. గాలికి ఒరిగిపోయేది మరిది. ఎరువెంత వేసినా ఎదగనిది ఆడపడుచు. అందుకే పొలం ఆసామి వచ్చి, ఈ కాపుకి నికరంగా కొనేవాళ్ళు దొరక్కపోతే మొక్కలు పీకించి పామాయిల్ పెట్టుకుంటానన్న రోజున తను అన్నం ముట్టలేదు. పెద్దత్తని పీకిస్తారటక్కా అని ఒకటే ఏడుపు.

మేడంగారే ఏలూరులో పళ్ళ వ్యాపారం చేసే షావుకారుగారిని ఒప్పించారు. ఆయన వచ్చి పండు రుచి చూస్తారు, నచ్చితే వారం వారం బండి పంపిస్తారు. మీరు మాత్రం ఏ హడావిడీ చెయ్యకండమ్మా, ముక్క కోసి చేతిలో పెట్టండి చాలు అని ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పారు. ముగ్గురం అలాగేనండీ అన్నాం.

కానీ ఇంటికొచ్చిన మనిషికి ఉత్తి జామముక్క పెట్టి పంపిస్తామా? మావారు కొల్లేరు దాకా వెళ్ళి కొరమేను తెచ్చారు. షావుకారుగారు నీచు ముట్టరని తెలిసి, దాన్ని మేమే తినేసి ఆయనకి పెసరట్టు ఉప్మా చేశాను. ఆయన వద్దంటూనే రెండు తిన్నారు. చెయ్యి కడుక్కుని లేచేసరికి గుమ్మంలో పిన్నిగారు. ఆవిడ ఎవరికీ చెప్పకుండా గారెలు, పాయసం చేసి కూర్చుంది. మా వైపు ఒకరింట్లో తిని పక్కింట్లో తినకపోతే ఆ పక్కింటివాళ్ళు ఏడాదిపాటు మూతి ముడుచుకుంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, తిన్నారు. అక్కణ్నించి తోటకి వెళ్ళే దారిలోనే మా తోడికోడలి ఇల్లు. పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొత్తావకాయ, విస్తరి నిండా అన్నం.

"నాకోసం ఈ ఒక్క ముద్దండీ, బాబుగారూ" అంటూ అరిటాకు మీదకి వంగి నెయ్యి పోస్తూనే ఉంది.

తోటకి చేరేసరికి ఆయన నడవడం లేదు, దొర్లుతున్నారు. గట్టు మీద కూలబడ్డారు. మా తోడికోడలు పెద్దత్త చెట్టుపండు కోసి, ఉప్పూ కారం అద్ది అందించింది. ఆయన ఆ ముక్కని నోటిదాకా తీసుకెళ్ళి, మళ్ళీ దించేశారు.

"నన్ను వదిలెయ్యండి తల్లీ. ఇది లోపలికి వెళ్ళాలంటే ఇందాకటిదేదో బయటికి రావాలి" అన్నారు. నాలుక ఒప్పుకోందే సరుకు కొననని, మళ్ళీ ఇంత దూరం రావడం కుదరదేమోనని కూడా మెల్లిగా చెప్పారు.

అప్పుడైనా బుద్ధి రావాలా? ఇంట్లో అమ్మగారికని కారియర్ నిండా పనసపొట్టు కూర, గారెలు సర్ది కారులో పెట్టాం. కారు మలుపు తిరిగాక చూసుకుంటే, ఆయనతో పంపాల్సిన జామపళ్ళ సంచి పిన్నిగారి చంకలోనే ఉంది. ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ముందు ఏడుపొచ్చింది. తర్వాత పిన్నిగారు కిసుక్కుమంది, ఇంక ఆపుకోలేకపోయాం.

మర్నాడు మేం తోటలో కాయలకి కవర్లు కడుతుంటే అదే కారు వచ్చింది. దిగింది షావుకారుగారి భార్య, చేతిలో మా కారియర్. ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదని దాంట్లో కాజాలు పెట్టుకుని తనే వచ్చారు. నిన్నటి దెబ్బకి మేం బెదిరిపోయి ఉన్నామా, కూర్చోమని గోనెపట్టా పరిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాం.

ఆవిడ గోనెపట్టా మీద కూర్చున్నారు. "మా ఆయనకి మూడిళ్ళ విందు, నాకు మంచినీళ్ళయినా లేవాండీ?" అన్నారు.

మా తోడికోడలు పరుగున వెళ్ళి పెద్దత్త చెట్టుపండు తెచ్చింది. ఆవిడ కొరికారు. అది అవ్వగానే ఇంకోటి కోయమన్నారు. ఆ తర్వాత తనే లేచి, కొమ్మ వంచి, కవరు విప్పి కోసుకున్నారు. మరిదిని కూడా వదల్లేదు.

"కొట్లో రుచి చూసేది ఎప్పుడూ నేనే. ఆయన ఊరికే తిరుగుతారు" అన్నారు మూతి తుడుచుకుంటూ. "వారం వారం బండి పంపిస్తాను. ఆయన్ని మాత్రం పంపను. పంపితే మీరు బతకనివ్వరు."

మా తోడికోడలు వెళ్ళి పెద్దత్తని కావలించుకుంది. నేను కాజాలు తీసేసిన కారియర్‌లో జామపళ్ళు సర్దుతుంటే, పిన్నిగారు నా చెవిలో గొణిగింది, బండి డ్రైవరుగారు నీచు తింటారో లేదో ఇప్పుడే కనుక్కోమని.