నలభై ఎనిమిది కిలోల వీరుడు

జీవితంలో చాలా పిచ్చి పనులు చేశాను. వాటిలో ఘోరమైనది మాత్రం గడప దాటకుండా, సైకిల్ మీద కూర్చుని, చెమటలు కక్కుతూ చేశాను. నవ్వుతూనే మొదలుపెడతాను. చివరిదాకా నవ్వుతానో లేదో చెప్పలేను.

నాలుగేళ్ళ కిందటి మాట. ఫరీదాబాద్‌లో నేనూ, ఎదురు ఫ్లాట్ సన్యాసినాయుడు గారూ రోజూ పొద్దున్నే కలిసి సైకిల్ తొక్కేవాళ్ళం. ఆయనది విజయనగరం వైపు, సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యారు. చలికాలం పొగ కమ్మేసరికి ఇద్దరం చెరో స్మార్ట్ ట్రైనర్ కొన్నాం. సైకిల్ వెనక చక్రం తీసి ఆ యంత్రానికి బిగిస్తే, తెరమీద కొండ వచ్చినప్పుడల్లా పెడల్ బరువెక్కుతుంది. ఎవరింట్లో వాళ్ళం తొక్కుతుంటే తెరమీద మా బొమ్మలు పక్కపక్కనే పోయేవి.

ఫిబ్రవరిలో పాత రెజిమెంటు మిత్రులతో నైనితాల్ దాకా తొక్కాలని ఆయన ఆశ. "దానికే ఈ తయారీ అంతా బాబూ" అనేవారు.

మొదటి వారం ఆ అరవై రెండేళ్ళ మనిషి కొండమీద నన్ను ఉతికి ఆరేశారు. ఆ బొమ్మల్ని నడిపే యాప్ మనం నింపిన బరువును బట్టే కొండను లెక్కేస్తుంది; బరువు తక్కువైతే ఎక్కడం తేలిక. నా బరువు ఎనభై నాలుగు. ఉక్రోషం పట్టలేక ఒకరోజు నలభై ఎనిమిది అని నింపేశాను. ఇక చూడండి, నా బొమ్మ గాలిపటంలా కొండెక్కేసింది!

వెంటనే ఆయన ఫోను. "ఏటి బాబూ, ఏటి తింటన్నావు?"

"రాగి జావ అంకుల్!"

"అయితే రేపట్నుంచి నేనూ అదే తాగుతాను."

తాగారు. పాపం, నెల్లాళ్ళు తాగారు. నిజం చెప్పేద్దామనుకుంటూనే, ఆయన "శభాష్" అన్నప్పుడల్లా పొంగిపోయి నోరు మూసుకున్నాను. జనవరి చివర్లో ఆయన తెరమీద కనిపించడం మానేశారు. జలుబేమో అనుకున్నాను, సిగ్గులేకుండా.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నా భార్య సుధ తానూ తొక్కుతానని యాప్ తెరిచింది. "నలభై ఎనిమిదా? ఇది నీ ఎనిమిదో క్లాసు బరువు కదా! అంకుల్‌కి తెలుసా?"

తెలీదన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "ముందు వెళ్ళి చెప్పు."

వెళ్ళాను. వాళ్ళ హాల్లో ట్రైనర్ ఉంది, సైకిల్ లేదు.

"సైకిలేది అంకుల్?"

"మా హవల్దారుకి ఇచ్చీసినాను. నిన్ననే అందరూ నైనితాల్ బయల్దేరినారు. నా కాళ్ళు అయిపోనాయి బాబూ. వాళ్ళకి అడ్డం ఎందుకని."

నిజం చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. ఆంటీని కేకేసి, నాచేత మళ్ళీ చెప్పించి మరీ నవ్వారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మెల్లగా అన్నారు. "నెల్లాళ్ళు నేను ముసలోణ్ణయిపోనానని ఏడిసినాను బాబూ. మీ ఆంటీకి కూడా చెప్పలేదు."

నాకు ఏడుపొచ్చేసింది. నా సైకిల్ తీసుకుని రేపే బయల్దేరండి అని బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "మనసు దిగిపోనాది. మళ్ళీ ఎక్కదు."

కనుక పాఠకులారా, సైకిల్ సీటు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట యాప్‌లోనైనా, డాక్టరు దగ్గరైనా, దర్జీ దగ్గరైనా నా బరువులో ఒక్క గ్రాము కూడా తగ్గించి చెప్పను. ప్రస్తుతం ఎనభై ఆరు. పొద్దున్నే అదే కొండ రొప్పుతూ ఎక్కుతాను. పైకి చేరాక అలవాటుగా ఫోను వంక చూస్తాను. ఏం తింటున్నావని ఎవరూ అడగరు.