కడగని ఎరుపు

మొన్న పొద్దున్నే ఫోనులో ఒక ఆహ్వానపత్రిక వచ్చింది. గుంటూరులో ఇరవయ్యేళ్ల కిందట నేను పనిచేసిన పశువైద్య ప్రయోగశాల ప్రొఫెసరుగారికి సన్మానమట. శాలువా కప్పుకున్న ఫొటో కింద "ఎముకకు ప్రాణం పోసిన మహనీయుడు" అని అచ్చు వేయించారు. చదివి, తాగుతున్న కాఫీ పక్కన పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను. ఆ నవ్వులో మర్యాద ఏమీ లేదు.

పశువు తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని మూలకణాలను చిన్న చిన్న పళ్లేల్లో పెంచి, మూడు వారాలపాటు ద్రవం మారుస్తూ వాటిని ఎముక కట్టే కణాలుగా తయారుచేయడం ఆ రోజుల్లో మా పని. అవి నిజంగా మారాయో లేదో తెలియడానికి ఎర్రరంగు పోసేవాళ్లం. కణాలు ఎముకలోలా సున్నం కట్టి ఉంటే ఎన్నిసార్లు కడిగినా ఎరుపు నిలుస్తుంది, లేకపోతే నీళ్లతోపాటే పోతుంది. చీరాలలో నూలుకు రంగులద్దే ఇంట్లో పుట్టిన నాకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా మా నాన్న ఏ రంగునూ నమ్మేవాడు కాదు. ప్రొఫెసరుగారు మాత్రం ఒక్కసారికి మించి కడగవద్దనేవారు. పై అధికారులు వచ్చినప్పుడు మిరపకల్లంలా ఎర్రగా మెరిసే ఆ పళ్లేలను చూపించి ఎముక తయారైందనేవారు. అంతంత చదువులు చదివిన ఆ మహానుభావులు తలలూపి, ప్లేట్లలో పెట్టిన జీడిపప్పు ఖాళీ చేసి వెళ్లేవారు.

అద్దంకి వైపు నుంచి ఒక ముసలి రైతు, బండలాగుడు పందెంలో కాలు విరిగిన తన ఎద్దును లారీలో తెచ్చాడు. కబేళాకు ఇచ్చెయ్యమని బావమరిది చెప్పినా ఒప్పుకోలేదట. ప్రొఫెసరుగారు ఒక ఎర్రపళ్లెం చూపించి, నీ ఎద్దు మజ్జతోనే దాని కాలు అతికిస్తానన్నారు. రైతు అంతా విని, పళ్లెం పట్టుకుని నిలబడ్డ నావైపు తిరిగాడు.

"నిజమేనా అమ్మా? నువ్వు చెప్పు."

అంతకు ముందురోజే ఎవరూ లేనప్పుడు ఆ పళ్లెంతోపాటే పెంచిన మిగతా పళ్లేలను నాలుగుసార్లు కడిగి చూశాను. ఒక్కదాంట్లోనూ ఎరుపు మిగల్లేదు. అయినా "నిజమే బాబాయ్" అన్నాను. నా ఉద్యోగం పర్మనెంటు కావలసిన ఏడాది అది. ప్రొఫెసరుగారిని తిట్టుకోవడం సులువే, కానీ ఆ మాట అన్న నోరు నాది.

ఆ కణాలు ఎక్కించాక మూడు నెలలు ఒకే పక్కకు పడుకున్న ఎద్దుకు ఒళ్లంతా పుళ్లు పడ్డాయి. కాలు అతకలేదు. చివరికి సూదిమందుతో దాని ప్రాణం తీయవలసి వచ్చింది. తప్పంతా ఎద్దు వయసుదేనని ప్రొఫెసరుగారు నివేదిక రాసి చేతులు దులిపేసుకున్నారు. రైతు మాత్రం వెళ్లేముందు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"నువ్వేం చేస్తావులే తల్లీ, మీ చేతనైంది చేశారు" అని దండం పెట్టాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

ఇప్పుడు కణాలతో ఎముకను నిజంగానే అతికించగలిగినవాళ్లు ఉన్నారంటారు, ఉంటే సంతోషమే. రైతులూ మారారు. మా పక్కింటాయన గేదెకు సూది వేయబోయిన డాక్టరును, ఈ మందు ఇంతకుముందు ఎక్కడ పనిచేసిందో చెప్పమని నిలదీశాడు. ప్రొఫెసరుగారి వంటివారు దీన్ని పొగరంటారు, నాకు మాత్రం ముచ్చటేసింది. కానీ ముక్కూ మొహం తెలియని ఆడపిల్ల ఒక్క మాట చెబితే చాలనుకున్న మనిషి మళ్లీ ఎక్కడా కనిపించలేదు. అటువంటివాళ్లు లేకుండా పోవడంలో నా చేయి కూడా ఉంది.