సెక్రటరీగారి స్తోత్రం

మా బావ జయపాల్ దేవుడికి కృతజ్ఞతలు చెప్పాడంటే భవానీపురంలో షామియానా లేచేది. తొంభై నాలుగులో స్కూటర్ కొన్నప్పుడు ఒక కృతజ్ఞతా కూడిక, కలర్ టీవీకి ఇంకొకటి, గన్నవరం దగ్గర స్థలం రిజిస్ట్రేషన్ అయ్యాక రెండు మైకులతో మరొకటి. పక్కింటివాళ్ళకు లేనిది తనకు దొరికితేనే ఆయనకది ఆశీర్వాదం. అందరికీ ఉన్నదైతే దాని ఊసే ఎత్తేవాడు కాదు. ఇరవై ఏళ్ళుగా అక్క వేళకు పెడుతున్న అన్నం ఎప్పుడూ ఏ ప్రార్థనలోకీ రాలేదు. ప్రార్థన చేస్తూ ఒక కన్ను తెరిచి ఎవరెవరు వచ్చారో చూసుకునే మనిషిని నేను గౌరవించలేను. బిర్యానీ మాత్రం తిన్నాను.

మామూలు రోజుల్లో కాలవల ఆఫీసు గుమాస్తా, ఆదివారం మా చర్చి సంఘానికి సెక్రటరీ. లేచి దేవుడి మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాలకు మనిషికి రెండు నిమిషాలని రూలు పెట్టి, ఒక బల్లగంట కొనుక్కొచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. ఆ గంట ఎక్కువగా మోగింది సంపూర్ణమ్మ మీదే. ఆమె ఆసుపత్రిలో ఆయా, కొండ మీద ఇల్లు. ప్రతి ఆదివారం లేచి, ఈ వారం కొండ కింద కుళాయి నాలుగు రోజులు వచ్చిందనీ, బిందెతో మెట్లెక్కినా మోకాలు సహకరించిందనీ, రేషన్ షాపులో తన వంతు వచ్చేదాకా కిరసనాయిలు ఉందనీ స్తోత్రాలు చెప్పేది. రెండు నిమిషాలు కాకుండానే బావ గంట కొట్టేవాడు. దేవుడు చేసిన గొప్ప కార్యాలు చెప్పమనీ, కుళాయిల సంగతి మున్సిపాలిటీకి చెప్పుకోమనీ ఒకసారి అందరి ముందే అన్నాడు. సంఘమంతా నవ్వింది. నేనూ నవ్వాను.

రెండువేల మూడులో బావకు మూత్రం ఆగిపోయింది. సంపూర్ణమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేశారు. ఎనిమిది రోజులు ట్యూబు, మంచం పక్కన సంచీ. ఆ సంచీ ఖాళీ చేసే డ్యూటీ సంపూర్ణమ్మకే పడింది. ఆమె వచ్చినప్పుడల్లా ఈయన గోడవైపు తిరిగి నిద్ర నటించేవాడు. తొమ్మిదో రోజు ట్యూబు తీసేసి, సాయంత్రంలోగా మూత్రం దానంతట అది రాకపోతే మళ్ళీ ట్యూబు వెయ్యాల్సిందేనన్నాడు డాక్టర్. బావ బాత్రూంలోకి వెళ్ళాడు. చాలాసేపయింది. రాలేదు. తలుపు దగ్గర అక్క వచ్చిందా, వచ్చిందా అని అడుగుతోంది. సంపూర్ణమ్మ వచ్చి, లోపల కుళాయి సన్నగా తిప్పమని చెప్పింది.

“ఆ చప్పుడు వింటా కూర్చోండి సెక్రటరీగారూ. కంగారు పడమాకండి.”

కాసేపటికి లోపలినుంచి ఏడుపు వినిపించింది. ఆ ఏడుపులోనే స్తోత్రం ప్రభువా, స్తోత్రం అంటున్నాడు. మైకు లేదు, చూసేవాళ్ళు లేరు. ఆయన నోట నేను విన్న మొదటి నిజమైన ప్రార్థన అదే.

కోలుకుని గుడికొచ్చిన మొదటి ఆదివారం ఇదే చెబుతాడని ఆశపడ్డాను. నాకు బుద్ధి లేదు. హైదరాబాద్‌నుంచి వచ్చిన స్పెషలిస్టు, ఏసీ గది, పలకరించడానికొచ్చిన ఇంజనీర్లు అంటూ పదమూడు నిమిషాలు చెప్పాడు. జబ్బు మాత్రం ‘చిన్న అనారోగ్యం’ అట. చెప్పి కూర్చుని, గంట దగ్గరకు లాక్కున్నాడు.

అప్పుడు సంపూర్ణమ్మ లేచింది. బావ ముఖం పాలిపోయింది. ఆ సంచీ సంగతీ, బాత్రూంలో ఏడుపు సంగతీ ఆమె బయటపెడితే పదేళ్ళుగా కట్టుకున్న పరువంతా ఆ గుడి చాపల మీదే పోతుంది. ఆమె ఆయనవైపు చూడను కూడా లేదు.

“ప్రభువా, పొద్దున నాకు మూత్రం దానంతట అదే వచ్చిందయ్యా. అరవై ఏళ్ళబట్టీ వస్తానే ఉంది. ఒక్కనాడూ నీకు చెప్పుకోలేదు. క్షమించయ్యా, స్తోత్రం.”

సంఘం పకపకా నవ్వింది. పాస్టరుగారు దగ్గారు. బావ చెయ్యి గంట మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. తరవాత లేచి నిలబడ్డాడు. మైకు దగ్గరకు వెళ్ళలేదు.

“నాక్కూడా వచ్చిందండీ,” అన్నాడు.