లంగరు గొలుసు మీద మూడు దెబ్బలు

దయ్యాలను నేను నమ్మను. ఎలా నమ్ముతాను? మా చుట్టుపక్కల తిరిగే దయ్యాల్లో సగం నేను తయారుచేసినవే. నకిరేకల్ దగ్గర లారీలు ఆపి బీడీ అడిగే తెల్లచీర ఆమె నాదే. కట్టంగూర్ దాటాక మామిడితోటలో మోటారు ఆన్ చేసే ఒంటరి చెయ్యి కూడా నాదే. దానికి ఆరు వేళ్ళు పెట్టాను. ఒకసారి నేను వదిలిన దయ్యమే ఊళ్ళన్నీ తిరిగి, వేరేవాళ్ళ నోట నా దగ్గరికే వచ్చింది. నేను చెప్పినదానికంటే బాగుంది. నోరెళ్ళబెట్టి విన్నాను.

అలాంటివాడి మాట ఎవరు నమ్ముతారు? మా ఆవిడయితే, "నువ్వు చెప్తే నిజం గూడ అబద్ధమైతది" అంటుంది. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఉప్పూ కారం ఏమీ వెయ్యలేదు. నాతోపాటు ఇంకో ఇద్దరు విన్నారు, వాళ్ళు బతికే ఉన్నారు.

ముందు నా పని గురించి చెప్పాలి. బోర్లలోంచి కాలిపోయిన మోటార్లను పైకి తీస్తాను. బోరు మీద మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, పిడి పట్టుకుని గిరక తిప్పుతూ, ఒక్కో పైపూ విప్పుకుంటూ లాగాలి. చాలా ఏళ్ళు నాకు జోడీ భిక్షం. తను బోరు నోటి దగ్గర, నేను గిరక దగ్గర. పక్కన ట్రాక్టరు మోగుతుంటే అరిచినా వినపడదు. అందుకని భిక్షం స్పానరుతో పైపు మీద కొట్టేవాడు. ఒక దెబ్బంటే ఆగు. రెండంటే లేపు. మూడంటే దించు. ఆ దెబ్బ ఇనుములోంచి నేరుగా నా అరచేతికి తెలిసేది. చెవితో పనే లేదు.

ఇవి కాక మా ఇద్దరికే తెలిసిన నాలుగోది ఒకటుంది. స్పానరును పైపు మీద గరగరా గీకి, చివర్లో టక్కుమని ఒక్కటి కొట్టేవాడు. అంటే చాయ్. రైతు నెత్తి మీద నిలబడి "జల్ది కానియ్యుండ్రి" అని తొందరపెడుతుంటే నోరు తెరిచి చాయ్ ఎలా అడుగుతాం? భిక్షం గీకేవాడు. వెంటనే నాకు గిరకలో ఏదో లోపం కనపడేది. నేను గడ్డం పట్టుకుని గిరక చుట్టూ తిరుగుతుంటే రైతు కంగారుపడి, మమ్మల్ని మంచి చేసుకోవడానికి చాయ్ తెప్పించేవాడు.

భిక్షం జ్వరమొచ్చి దవాఖానలో మంచం మీద పోయాడు. నీళ్ళలో పోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. తనకు ఈత రాదు. చెరువులో మోకాళ్ళు దాటి దిగేవాడు కాదు. కృష్ణ ఒడ్డుకు ఏనాడూ రాలేదు.

ఇక మా బావ సైదులు. నా చెల్లెలు లచ్చమ్మ మొగుడు. దేవరకొండ అవతల, సాగర్ వెనక నీళ్ళ ఒడ్డున వాళ్ళ ఊరు. తాతల నాటి నుంచి గొర్రెల మంద మీద బతికిన ఇల్లు. పట్నం సారొకాయన సముద్రం దిక్కు నుంచి పాత తెరచాప పడవను లారీ మీద తెప్పించుకుని, కొన్నాళ్ళు సరదా తీర్చుకుని, విసుగొచ్చి అమ్మకానికి పెట్టాడు. సైదులు మందంతా అమ్మి ఆ పడవ కొన్నాడు. సెలవులకు వచ్చేవాళ్ళను నీళ్ళ మీద తిప్పి బతుకుతానన్నాడు. ఒక్క గొర్రెపిల్లనైనా మిగల్చలేదని లచ్చమ్మ చాలా రోజులు అతనితో మాట్లాడలేదు. పడవ నిలిస్తే వాళ్ళు నిలుస్తారు. పడవ పోతే సైదులు ఇంకొకరి మందకు జీతం ఉండాల్సిందే.

మొదటి బేరం కుదిరింది. తెల్లారితే పట్నం నుంచి ఒక కుటుంబం వస్తుందనగా సైదులు ఫోన్ చేశాడు.

"బావా, లంగరు లేస్తలేదు."

"గుంజు."

"గుంజనీకె గిరక తిరగాలె గదనే! నీ బోరు గిరక ఏస్కొని జల్ది రా. రేపు వాళ్ళొస్తే నా ఇజ్జత్ పోతది."

నేను ఎగిరి గంతేశాను. ఎంతసేపూ ఎండిన చేలల్లో తిరిగిన నా గిరక, కృష్ణ మీద పడవెక్కబోతోంది! దారి పొడుగునా ఎవరెవరికి ఎలా చెప్పాలో తయారుచేసుకుంటూనే వెళ్ళాను.

పడవ ఒడ్డుకు దూరంగా లంగరు మీద ఆగి ఉంది. బుట్టలాంటి పుట్టిలో తెడ్డు వేసుకుంటూ వెళ్ళి ఎక్కాం. లచ్చమ్మ కూడా జొన్నరొట్టెలు, చేపల కూర, చాయ్ కోసం చిన్న గ్యాసు పొయ్యి పట్టుకుని వచ్చింది. "గిన్ని దినాలు ఎక్కలే. నా గొర్రెలు ఏం పడవైనయో ఇయ్యాల సూస్త" అంటూ మొదటిసారి పడవలో కాలు పెట్టింది.

ముందు భాగంలో పాత గిరక ఉంది. పోత ఇనుముది. పళ్ళచక్రం అరిగి గుండ్రంగా అయింది. గొలుసు వెనక్కి జారకుండా ఆపే లాకు నాలుక విరిగింది. సుత్తితో మెల్లగా తట్టానో లేదో, నిలువునా నెర్రె విచ్చింది.

"దీనికి దినాలు జెయ్యాలె గని రిపేరు గాదు, బావా" అన్నాను.

దాన్ని విప్పి పక్కన పడేసి, అదే జాగాలో నా గిరకను బోల్టులతో బిగించాం. గొలుసు తగిలించి తిప్పాను. కొంత వచ్చింది, తర్వాత ఆగిపోయింది. లంగరు అడుగున దేనికో పట్టుకుంది.

ఇక్కడే నా తెలివి పనిచేసింది. బోరులో మోటారు ఇరుక్కుంటే మాకొక పద్ధతి ఉంది. బిగలాగి, లాకు వేసి, పక్కకెళ్ళి కూర్చుంటాం. ఆ గుంజుడుకు మట్టి మెల్లగా వదులుతుంది. ఇక్కడా అలాగే చేశాను. గొలుసు తీగలా బిగిసింది. పడవ ముక్కు కిందికి వంగింది.

"బావా, ముక్కు వంగింది" అన్నాడు సైదులు.

"వంగనియ్యి. నువ్వు గొర్రెల సంగతి సూడు, గిరకల సంగతి నేను సూస్త."

"గొర్రెలేడున్నయన్నా?" అంది లచ్చమ్మ, రొట్టె విరుస్తూ.

బోరు ఉన్నచోటే ఉంటుంది. పడవ ఎగురుతుంది. ఈ తేడా నా బుర్రకు తట్టలేదు.

భోజనాలయ్యాయి. పొయ్యి వెలిగించబోతుండగా గుట్టల మీదినుంచి గాలి దిగింది. చూస్తుండగానే ఆకాశం నల్లబడి, అంతసేపూ పళ్ళెంలా ఉన్న నీళ్ళు ఎగిసిపడ్డాయి. మామూలుగా అల వస్తే పడవ దాని మీదికెక్కి దిగుతుంది. కానీ ముక్కును నేను కట్టేశాను కదా! ఎక్కలేక, వచ్చిన ప్రతి అలనూ మింగుతోంది. నీళ్ళు మా కాళ్ళ మీదుగా లోపలికి పోతున్నాయి. పొయ్యి తడిసిపోయింది. వెనక కట్టిన పుట్టి బోర్లాపడి, తాడు తెంచుకుని కొట్టుకుపోయింది. మాలో ఈత వచ్చింది సైదులొక్కడికే.

నేను గిరక దగ్గరికి పాకాను. లాకు బరువు మీద బిగుసుకుపోయింది, సుత్తితో కొట్టినా కదల్లేదు. గొలుసు కోయడానికి ఏమీ లేదు. వెనక సైదులు చుక్కాని పట్టుకుని గాలితో పెనుగులాడుతున్నాడు. లచ్చమ్మ తెరచాప కొయ్యను రెండు చేతులా కావలించుకుంది.

నాకు తోచింది ఒక్కటే. ఇంకా లాగాలి. లాగితే ఊడొస్తుంది. పిడి పట్టుకుని బలమంతా కూడదీసుకున్నాను.

టక్. టక్. టక్.

గొలుసులోంచి, పిడిలోంచి, నా అరచేతిలోకి వచ్చింది. అడుగున బండకు తగిలిందనుకున్నాను.

టక్. టక్. టక్. అంతే ఎడం, అంతే బరువు.

"అన్నా!" అని కేకేసింది లచ్చమ్మ. "కిందికెళ్ళి ఎవలో కొడుతున్నరే!"

మా దెబ్బల లెక్క ఆమెకు తెలియదు. ఏనాడూ చెప్పలేదు. నా వీపు మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. భయం కాదది. పీర్ల పండుగలో పీరీల ముందు డప్పు అందుకున్నప్పుడు ఒళ్ళంతా ఎలా అదురుతుంది? అలా అదిరింది.

మూడంటే దించు. నేను లాగబోతుంటే దించమంటాడేమిటి?

"దించుడేందిరా, మునుగుతున్నం!" అని అరిచాను. ఎవరిమీద అరిచానో అప్పుడు ఆలోచించలేదు. ఆ మనిషితో ఏళ్ళ తరబడి అలాగే పోట్లాడాను. ఏనాడూ గెలవలేదు.

మళ్ళీ మూడు. ఈసారి విసుగ్గా కొట్టినట్టే ఉంది. నా చెయ్యి పిడి వదిలి లాకు మీదికి వెళ్ళింది. మూడో దెబ్బ పడగానే ముక్కు ఒక్కసారిగా కిందికి దిగింది, గొలుసు క్షణం పాటు వదులైంది, సుత్తికి లొంగని లాకు వేలితో తీస్తే వచ్చేసింది. గలగలా గొలుసు దిగిపోయింది. పడవ ముక్కు నీళ్ళు విదిల్చుకుంటూ పైకి లేచింది. మునిగి తేలిన బర్రె తల ఎత్తినట్టు!

టక్.

ఆపాను. పడవ గాలికి తిరిగి, లంగరుకు అటువైపు వెళ్ళింది. పిడి పట్టుకుని ఎదురుచూశాను. అంత తుఫానులో నేను పిడి పట్టుకుని ఎదురుచూస్తున్నాను!

టక్. టక్.

తిప్పాను. నమ్మండి, నమ్మకపోండి, ఖాళీ బొక్కెన చేదినట్టు వచ్చింది. ఏ పట్టూ లేదు, ఏ బరువూ లేదు. నవ్వుతూ తిప్పాను. లచ్చమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. సైదులు చాప సగం ఎత్తి, పడవను గుట్ట చాటుకు మళ్ళించాడు.

లంగరు నీళ్ళలోంచి బయటికొచ్చి ముక్కు కింద వేలాడింది. బురద కారుతోంది. వంగి చూశాను. దానికి కొమ్మ లేదు, వల లేదు, రాయి లేదు. గొలుసు గాలిలో ఉంది, దేనికీ తగలడం లేదు.

అప్పుడు నా చేతిలో, గరగరగరా... టక్.

పిడిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"గిదేం సప్పుడన్నా?" అంది లచ్చమ్మ.

"చాయ్" అన్నాను.

"మునిగి తేలినంక గూడ నీకు చాయ్ గావాల్నా?" అని తిడుతూనే, తడిసిన పొయ్యిని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. అది వెలగలేదు. ఆ రోజు చాయ్ తాగకుండానే ఒడ్డుకు చేరాం. తెల్లారి పట్నంవాళ్ళు వచ్చారు. పడవ తిరిగింది, ఇప్పటికీ తిరుగుతోంది. నా గిరక దాని మీదే ఉంది. నేను ఇంకొకటి కొనుక్కున్నాను.

భిక్షం భార్యకు వెళ్ళి చెప్పాను. నా కథలు తెలిసిన మనిషి, అయినా నవ్వలేదు. అంతా విని ఒక్కటే అడిగింది: "ఆయనకు నీళ్ళంటే బుగులు గదా, మల్లేశం. గంత లోతుకు ఎట్ల దిగిండంటవ్?" నా దగ్గర జవాబు లేదు. నా దగ్గర జవాబు లేకపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. కళ్ళొత్తుకుంది.

ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ జాగాకు వెళ్ళి లంగరు దించాను. గొలుసు పట్టుకుని కూర్చున్నాను. స్పానరుతో నేనే కొట్టి చూశాను. చేపలు బెదిరాయి తప్ప బదులు రాలేదు.

దెబ్బల లెక్కంతా విప్పి చెప్పినా, సైదులు మాత్రం అదంతా అడుగున బండకు గొలుసు తగిలిన చప్పుడే అంటాడు. వచ్చినవాళ్ళకూ అదే చెబుతాడు. కానీ పడవ ఆ జాగాకు రాగానే చాప దించి, ఫ్లాస్కు మూత తానే తీసి, ఒక గ్లాసు చాయ్ నీళ్ళలో పోస్తాడు. చక్కెర సరిపోయిందో లేదో ముందు ఒక గుక్క తాగి చూస్తాడు కూడా.

బండకు చాయ్ ఎప్పుడు అలవాటైందని అడిగితే, గ్లాసు కడిగి మళ్ళీ చాప ఎత్తుతాడు.