తుంపర సన్నగిల్లిన మధ్యాహ్నం

మొన్న తాడేపల్లిగూడెంలో బంధువుల పెళ్లికి వెళితే, హాల్లో నీటి తుంపర చల్లే ఫ్యాన్లు పెట్టారు. అందరూ వాటి ఎదుట హాయిగా కూర్చున్నారు గాని, ఆ సన్నటి చప్పుడు చెవిన పడగానే నేను కుర్చీ దూరంగా జరుపుకున్నాను.

చాలా ఏళ్ల కిందట నేను ఏలూరులో డిప్లొమా ముగించి మండవల్లి దగ్గర ఐసు ఫ్యాక్టరీలో చేరేనాటికి, మా అక్క భర్త, అంటే మా బావగారు, అక్కడ ఆపరేటరు. కొల్లేటి చేపలు మా ఐసుతోనే లారీలెక్కేవి. మిషను వెనక, వేడెక్కిన అమ్మోనియా గ్యాసు తిరిగే ఇనుప గొట్టాల మీద కాలువ నీళ్లు ధారలుగా పోసి చల్లబరిచేవాళ్లం. ఆ వేసవిలో నీరు ఒక పక్కనే జారిపోయి, రెండో పక్క గొట్టం పొడిగా, చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుండేది. గ్యాసు ఒత్తిడి చూపే గేజి ముల్లు రోజురోజుకీ ప్రమాదాన్ని తెలిపే ఎర్రగీత వైపు జరిగేది. అందుకని మేమిద్దరం ఆలోచించి సన్న రంధ్రాల నాజిళ్లు బిగించాం. నీరు తుంపరై గొట్టం చుట్టూ పలచటి పొరలా పరుచుకుని వేడిని లాగేయడంతో ముల్లు దిగింది. యజమాని అందరికీ మిఠాయి పంచారు.

తరవాత చేపలు పట్టే రోజులొచ్చి, చెరువుల నీళ్లు కాలువలోకి వదలడంతో పచ్చటి పాచి రాసాగింది. వడకట్టడానికి గుడ్డ కట్టాం, నాజిళ్లు విప్పి కడిగాం, అయినా అవి పూడుకుపోతూనే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం, లారీలు బారులుతీరి ఉండగా, తుంపర చప్పుడు సన్నగిల్లింది. మిషను ఆపేద్దామన్నారు బావగారు. చేపలు పాడైపోతాయి, కాసేపు ఆగమన్నారు యజమాని. ముల్లు గీత దాటడం చూసి, బావగారు ఇక ఎవరినీ అడక్కుండా లోపలికి నడుస్తుండగానే, గొట్టం అతుకు దగ్గర ఉస్సుమని అమ్మోనియా తెల్లటి పొగలా లేచింది.

"వద్దండీ బావగారూ, రండి," అన్నాను.

"నువ్వు అందర్నీ గాలికెదురుగా తీసుకుపో అబ్బాయ్. నేను వాల్వు కట్టేసొస్తాను," అని తడి తువ్వాలు మూతికి చుట్టుకుని ఆ పొగలోకి వెళ్లారు.

గ్యాసు ఆగింది. యార్డులో ఒక్కరికీ ఏమీ కాలేదు. ఆయన మోకాళ్ల మీద పాకుతూ బయటికొచ్చారు. కళ్లు దక్కాయి గాని, ఆదివారం ఆరాధనలో మొదట కీర్తన ఎత్తుకునే ఆ గొంతు గుసగుసగానే మిగిలిపోయింది. ఆయన పోయేదాకా, మాట వినడానికి అక్క దగ్గరగా జరిగి కూర్చునేది.

ఇప్పుడు ఒత్తిడి పెరిగితే మిషను దానంతటదే ఆగిపోతుందట, మంచిదే. చర్చిలో కూడా కీర్తనలు కీబోర్డే ఎత్తుకుంటోంది. ఆయన పాడే కీర్తన మొదలవగానే అక్క లేచి మెల్లగా బయటికి వెళ్లిపోతుంది. నేను ఆపను.